భుజం మీద చెయ్యి

సంఘంవాళ్ళు రేపు ఆవిష్కరించబోయే రాతిపలక మీద ఎక్కించే పేరే తప్పని, సంఘం ఇంటి పక్కనుండే ముసలామె ఫ్రౌ ఎబెర్లె రొట్టెల కొట్లో అందరి ముందూ అనేసిందట. కొట్టామె ఆ మాట రోస్వితా చెవిన వేసింది. రోస్వితా ఇంటికొచ్చి సంచీ కింద పెట్టకుండానే మొగుడికి అప్పజెప్పింది.

ఫోల్క్‌మార్‌కి నోట్లో కాఫీ చేదైపోయింది.

"ఎనభయ్యారేళ్ళ మనిషి. ఏదో అనుంటుందిలే."

"మతి పోయిందనుకుంటున్నావేమో. నిరుడు నీ పుట్టినరోజు నీకే గుర్తు చేసింది."

అతని గాభరాకి కారణం ఉంది. నెకర్ నది మీది గుట్టపైన నెకరాల్బియా విద్యార్థి సంఘం పుట్టి రేపటికి నూట డెబ్బై అయిదేళ్ళు. పంతొమ్మిదో ఏట ఆ పట్టుజెండా పట్టుకుని ప్రమాణం చేసినవాడు ఫోల్క్‌మార్. అక్కడి ఆచారం ప్రకారం కత్తియుద్ధం చేసిన గుర్తుగా ఎడమ చెంప మీద గాటు ఇప్పటికీ ఉంది. బడిపంతులుగా దిగిపోయాక ఆరేళ్ళు కూర్చుని సంఘం చరిత్ర రాశాడు. పాత మినిట్స్ పుస్తకాల్లో ఏముంటే అది ఎక్కించాడు. 1931లో కొత్త పైకప్పు, 1933లో యూదు సభ్యుడొకరు తనంతట తాను వైదొలగడం, 1934లో బావి పూడిక తీయించడం, ఏదీ వదల్లేదు.

నాలుగొందల పేజీల్లో ఒక్క పేజీ మాత్రం ఎన్నిసార్లు చదివినా ఒళ్ళు జలదరించేది. 1935లో సంఘాలన్నీ మూసేసి జెండాలు అప్పగించమని నాజీ సర్కారు హుకుం వచ్చింది. పట్టుకుపోదామని వచ్చినవాళ్ళకి బోడి కర్ర కనపడింది. పదిహేనేళ్ళ తర్వాత, సంఘం మళ్ళీ లేచి నిలబడిన ఏడు, అర్జెంటీనా నుంచి పార్సిల్ వచ్చింది. పంపినవారి పేరు లేదు. లోపల జెండా, ఇస్త్రీ మడత నలక్కుండా, ఒక్క పోగు ఊడకుండా.

అంత గుండె అప్పటి సభ్యుల్లో ఎక్కెహార్డ్ ఒక్కడికే ఉందని, ఎవరి చేతో దాన్ని దేశం దాటించి ఉంటాడని పెద్దలు తేల్చారు. అతను 1942లో యుద్ధంలో పోయాడు, అడగడానికి లేడు. అప్పట్నుంచి వార్షికోత్సవం నాడు అందరూ లేచి, నోరు మెదపకుండా, అతని పేర ఒక గ్లాసు తాగుతారు. నలభై ఎనిమిదేళ్ళుగా ఫోల్క్‌మార్‌కి ఆ గ్లాసంటే పూజతో సమానం. ఇప్పుడు పలక మీద "జెండాను కాపాడిన సోదరుడు" అని చెక్కడం అయిపోయింది. కింద పేరు ఒక్కటే మిగిలింది. రాళ్ళు చెక్కే అతను మూడింటికి వస్తాడు.

పెద్ద సభ్యులకి పెద్ద డెట్లెఫ్, రిటైరైన జడ్జి. విని పకపకా నవ్వాడు.

"మీ ఆవిడ రొట్టెలకని వెళ్ళి చరిత్ర కొనుక్కొచ్చిందా?"

"అడిగితే పోయేదేముందండీ? ఆమె అప్పుడు ఏడేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ ఈ ఇంట్లోనే బట్టలుతికేది."

"సరే, పద. పుస్తకం రాసినవాడివి, నీ భయం నీది."

ఫోల్క్‌మార్ హాల్లోంచి 1932 నాటి ఫోటో దింపాడు. కొత్తగా చేరిన కుర్రాడు ఒక పెద్ద సభ్యుణ్ణి అన్నగా ఎంచుకుంటాడు. ఫోటోలో అన్న వెనక నిలబడి తమ్ముడి భుజం మీద చెయ్యేస్తాడు. అలా ఒక భుజం మీంచి ఇంకో భుజానికి అందుతూ వచ్చిన చేతుల్ని చూస్తే అతనికి గుళ్ళో నిలబడ్డట్టుండేది. కుడి చివర కూర్చున్నది ఎక్కెహార్డ్. అతని భుజం మీదా ఒక చెయ్యి ఉంది, మణికట్టు దాకా. చిటికెనవేలు వంకర. ఆ తర్వాత ఫ్రేమే. కొత్తలో ఒకసారి అడిగితే, "ఫ్రేము చిన్నదైంది" అన్నారు పెద్దలు. మళ్ళీ అడగలేదు.

ఫ్రౌ ఎబెర్లె వాకిట్లో కూర్చుని చెర్రీపళ్ళ గింజలు తీస్తోంది.

"ఇద్దరు పెద్దమనుషులు ఒక్కసారే! నేను పోయానని ఎవరైనా చెప్పారేంటి?"

"జెండా సంగతండీ," అన్నాడు ఫోల్క్‌మార్. "మీరు చూశారట."

"చూడ్డమేంటి పంతులుగారూ, పిన్నీసులు అందించిందే నేను. తెల్లారగట్ల బట్టలుతికే గదిలో మా అమ్మ ఆయన చొక్కా విప్పించి, ఆ పట్టుగుడ్డ నడుం నుంచి చంకల దాకా చుట్టింది. ఊపిరాడుతోందా బాబూ అంటే, రెండేళ్ళకి ఇవాళే ఆడిందమ్మా అన్నాడు."

ఫోల్క్‌మార్ రాసిన నాలుగొందల పేజీల్లో ఇలాంటి మాట ఒక్కటి లేదు. డెట్లెఫ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"తర్వాత?"

"పైన కోటేసుకుని పెరటి గోడ దూకి పోయాడు. వచ్చిందీ గోడ దూకే."

"సొంత సంఘం ఇంటికి గోడ దూకి రావడమేంటండీ?"

"ముందు గుమ్మంలోంచి రానిస్తే గదా."

"పోలీసుల కాపలా ఉండుంటుందిలే," అని డెట్లెఫ్ సర్దిచెప్పాడు.

"దొరికితే చంపేస్తారు, ఈ గుడ్డముక్క కోసమా బాబూ అంది మా అమ్మ. దీన్ని పట్టుకుని మాటిచ్చాను, నా మాట నేను వెనక్కి తీసుకోలేదు అన్నాడు."

ఫోల్క్‌మార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తను పట్టుకుని ప్రమాణం చేసిన గుడ్డ ఒక మనిషి ఒంటి వేడి మీద ఆ గోడ దాటింది!

"ఎక్కెహార్డ్ అంటే మాటలా!" అన్నాడు డెట్లెఫ్. "ఆ ఫోటో ఇవ్వు. ఆమే చూపిస్తుంది."

చెర్రీరసం అంటిన వేలు అద్దం మీద ఒక్కో టోపీనీ దాటుకుంటూ వెళ్ళి చివర ఎక్కెహార్డ్ మొహం మీద ఆగింది.

"ఈయనే కదండీ?"

"ఈయనకి అంత గుండె ఎక్కడిది?"

వేలు పైకి జరిగింది. భుజం మీది చేతి దగ్గర ఆగి, అద్దం మీద ఎర్రటి మరక పెట్టింది.

"ఇదీ. ఈ వంకర వేలితోనే నా ముక్కు పట్టి లాగేవాడు."

రోడ్డు మీద రాళ్ళు చెక్కే అతని బండి వచ్చి ఆగింది. ఫోల్క్‌మార్ తన పుస్తకంలో 1933 కింద పేరు లేకుండా ఎక్కించిన యూదు సభ్యుణ్ణి తలుచుకుని, జేబులోంచి పెన్సిల్ తీశాడు.

"ఆయన పేరేంటండీ?"

ముసలామె ఇంకో చెర్రీపండు చేతిలోకి తీసుకుంది.

"కత్తిరించింది మీరు, మీరే చెప్పాలి."