చేపల వకీలు

"నేను సంతకం పెట్టను సార్."

కెమిస్టు పెన్ను మూత బిగించి, చేతులు కట్టుకుంది. మేనేజరుకు ఒళ్లు మండింది. పక్క గదిలో తనిఖీ అధికారి కాఫీ తాగుతున్నాడు. ఆయన సరేనంటేనే ఈ రంగుల ఫ్యాక్టరీకి లైసెన్సు. కాదంటే సాయంత్రానికల్లా గేటుకు తాళం.

"పెట్టకపోతే ఇంతమంది పొట్ట కొట్టినదానివవుతావు! అందులో నీ పొట్ట కూడా ఉంది, చూసుకో."

"శుద్ధి యంత్రం మూలపడి ఎన్నాళ్లయింది సార్? రంగునీళ్లన్నీ వెనకున్న ఎండిపోయిన బోరులోకి వదిలేస్తున్నాం. శుభ్రం చేసే వదులుతున్నామని ఏ మొహం పెట్టుకుని రాయను?"

"మెల్లిగా తల్లీ, మెల్లిగా!" మేనేజరు తలుపు వైపు చూశాడు. "కాలువలోకి వదిలితే చేపలు చస్తున్నాయని గోల పెట్టావు. సరే, నీ మాట కాదనలేక బోరులోకి మార్పించాను. ఇప్పుడు బోరులో కూడా చేపలున్నాయంటావా ఏంటి?"

ఆ గోలప్పుడే ఆమెకు 'చేపల వకీలు' అని పేరు పెట్టింది ఈయనే. పేరు భలే అతుక్కుపోయింది. భోజనాల దగ్గర ఆమె కనబడితే చాలు, "ఏమ్మా, చేపలు ఫీజెంత ఇచ్చాయి?" అని పళ్లికిలించేవాళ్లు ఎక్కువయ్యారు.

"భూమిలోకి పోయింది అక్కడే కూర్చోదు సార్."

"నాకు పాఠాలు చెప్పకు. ఆ సంతకమేదో నేనే గీకుతాను. నువ్వు నోరు విప్పకుండా ఉంటే అదే పదివేలు."

అంతలో అధికారి లోపలికి వచ్చి, బల్ల మీద తన పెట్టె తెరిచాడు.

"కాగితాలు తర్వాత చూద్దాం. ముందు మీరు శుద్ధి చేసి వదిలే నీళ్లు ఒక సీసాడు తెప్పించండి."

"తెప్పించడం ఎందుకండీ, నేనే తెస్తాను," అంటూ మేనేజరు ఖాళీ సీసా, తన చేతిసంచి పట్టుకుని బయటికి నడిచాడు. వరండా మలుపులో అటూ ఇటూ చూసి, సంచిలోంచి తను రోజూ తాగే మంచినీళ్ల సీసా తీశాడు. అందులోవి ఇందులోకి వంచాడు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. తన తెలివికి తనకే ముచ్చటేసింది.

ఆయన తెచ్చిన సీసా చూడగానే కెమిస్టుకు అర్థమైపోయింది. అంత తేటనీళ్లు ఈ ఫ్యాక్టరీలో ఎక్కడివి? చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఈ రాత్రి నిద్ర పట్టదు. పోతే పోయిందిలే అనుకుని లేచింది.

"సార్, ఆ నీళ్లు..."

మేనేజరు గుడ్లురిమాడు. ఈలోగా అధికారి చిన్న గాజుగొట్టంలో నీళ్లు పోసి, మందు చుక్కలు వేయనే వేశాడు. "రంగు మారకపోతే మీరు గట్టెక్కినట్టే. ఊదారంగుకు తిరిగితే మాత్రం విషం ఉన్నట్టు."

నీళ్లు కాసేపు అలాగే ఉన్నాయి. మేనేజరు హమ్మయ్య అనుకున్నాడు. అంతే, అడుగు నుంచి పైకి ఊదారంగు పాకింది. చూస్తుండగానే చిక్కబడింది.

"అబ్బో! ఇవి గొడ్లు కూడా తాగకూడదండీ," అన్నాడు అధికారి, పెట్టె మూసేస్తూ. "ఏమీ అనుకోకండి. తాళం వేయించక తప్పదు."

కెమిస్టు తెల్లబోయింది. మేనేజరు దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి అడిగింది. "సార్, ఇవి మన రంగునీళ్లు కావు కదా! ఎక్కడివి?"

మేనేజరుకు ఆ మాట వినబడలేదు. తాళం మాటా వినబడలేదు. ఫ్యాక్టరీ గోడకు అవతలే ఉన్న తన ఇంటికి ఫోన్ చేస్తున్నాడు.

"ఏమే... పొద్దున నా సీసా నింపిన మన బోరు కుళాయి నీళ్లతోనేనా, నువ్వు పాపకి పాలపొడి కలుపుతున్నది?"