పనికిరాని మొక్కలు

“ఇదేనా టీచర్, ఐదు వారాలుగా మీరు పెంచిన ముల్లంగి?” అన్నాడు హెడ్మాష్టారు మథెంగే, గట్టు మీద వాడిపోయిన మొక్కల కుప్పని బూటుతో కదిలిస్తూ.

ముగురే టీచర్ గబగబా మడి దగ్గరికొచ్చింది. మడి చూస్తే పచ్చగానే ఉంది. కాకపోతే ఆ పచ్చదనమంతా తోటకూరా, కామంచీ. విత్తినవి ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. పక్కనే శిశుతరగతి పిల్లలు ఇరవై ఆరుమంది, మోచేతుల దాకా ఎర్రమట్టితో, ఘనకార్యం చేసిన మొహాలతో నిలబడి ఉన్నారు.

ఎవరు పీకమన్నారని ముగురే అడిగితే ఐదేళ్ళ గథోని ముందుకొచ్చింది. “మీరే కదా టీచర్. తినేవి ఉంచి, పనికిరానివి పీకెయ్యమన్నారుగా. తినేవన్నీ ఉంచాం.”

“మరి ఇవో?”

“ఇవెవరు తింటారు? మా నానమ్మ మేకక్కూడా వెయ్యదు.”

పిల్లలంతా అవునవునని తలలూపారు. వాళ్ళని ఏమని తప్పుపడతాం? ముల్లంగి మొక్క ఎలా ఉంటుందో ఆ ఊళ్ళో చూసినవాళ్ళు లేరు. పేరుకి టీచరే గాని, ముగురేకి కూడా విత్తనాల పొట్లం మీది బొమ్మే దిక్కు. కామంచి సంగతి అలా కాదు. ఉగాలి అనే మొక్కజొన్న ముద్ద పక్కన రోజూ కంచంలో కనిపించేదే. కలుపు తీసేటప్పుడు పొరపాటున దాని జోలికెళ్తే నానమ్మలు చేతి మీద ఒక్కటిస్తారు.

హెడ్మాష్టారి బాధ వేరు. విత్తనాలిచ్చిన సంస్థ నుంచి మర్నాడే నైరోబీ మేడమ్ వస్తోంది. ఆవిడ మెచ్చుకుంటే చిన్న పారలూ, నీళ్ళ తొట్టీ ఇస్తారు, తోట ఉంటుంది. మెచ్చుకోకపోతే అక్కడ కంకర పోయించి తన కారు పెట్టుకుంటానని ఆయన ఖరాఖండిగా చెప్పేశాడు. పిల్లలు పలకలు పట్టుకుని లోపల కూర్చోవాల్సిందే. అక్షరం ముక్క రాని పిల్లలకి మట్టి పనేమిటని తల్లిదండ్రులు ఎప్పట్నుంచో ఆయన చెవిలో పోరుతున్నారు.

ముగురేకి ఏడుపొచ్చింది. మొదట్లో నోరే మెదపని గథోని పదిదాకా లెక్కపెట్టడం నేర్చింది ఈ మడిలోనే, ఒక్కో గింజా గుంటలో వేస్తూ. ఆ ముక్క చెప్పినా హెడ్మాష్టారు వినలేదు. పైగా ఒక ఉపాయం చెప్పాడు. అది వినడానికే ఆమెకి సిగ్గేసింది.

సిగ్గేసినా చేసింది. తెల్లారుతూనే మొదటి మటాటు వ్యాను పట్టుకుని కారటీనా టౌనుకి వెళ్ళింది. హోటళ్ళకి కూరలమ్మే కొట్లో, ఆకులు కొయ్యని ఎర్ర ముల్లంగి కట్టలు కొంది. పిల్లలు రాకముందే వాటిని కామంచి మధ్య వరసగా పాతేసి, చుట్టూ మట్టి నొక్కి నీళ్ళు చల్లింది. అంతసేపూ ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూసుకుంటూనే ఉంది.

పదింటికి నైరోబీ నుంచి వంజుగు మేడమ్ వచ్చింది. నడివయసు మనిషి, కాళ్ళకి బురద బూట్లు. “మీ విత్తనాలు మేడమ్, మా పిల్లల కష్టం” అంటూ హెడ్మాష్టారు మడి చూపించాడు. ఆవిడ ముల్లంగి వరసని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది. వీటిని ఎవరు పెంచారని పిల్లల్నే అడిగింది.

గథోని అప్పటికే మడిలోకి దిగిపోయింది. నిన్నంతా వంగి వంగి శుభ్రం చేసిన మడి కదా, ఆ పిల్లకి చిరాకు రాదూ. “టీచర్, ఇంకో రకం పనికిరానివి మొలిచాయి” అని ఒకటి పట్టి లాగింది. అది చూసి తక్కిన ఇరవై ఐదుమందీ దిగారు. వద్దని చెప్పేలోపు గట్టు మీద ఎర్రటి దుంపలు కుప్పపడ్డాయి. కొట్లో కడిగిన నిగనిగ వాటికింకా పోలేదు. హెడ్మాష్టారు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

ఇక దాచి లాభం లేదనుకుంది ముగురే. “వాటిని పొద్దున నేనే పాతాను మేడమ్. కొట్లోవి. అసలువి నిన్న పిల్లలు పీకేశారు. తప్పు వాళ్ళది కాదు, తినేవేవో వాళ్ళకి బాగా తెలుసు, అంతే. నన్నేమైనా అనండి గాని ఈ మడి మాత్రం తీసెయ్యనీకండి.”

మేడమ్ మడిలోకి వంగింది. కామంచి ఆకొకటి తుంచి, దీన్నెలా వండుతారని గథోనిని అడిగింది. నానమ్మ పాలు పోసి వండుతుందని, చేదు పోవాలంటే అదే మందని గథోని పెద్దరికంగా చెప్పింది. ఆవిడ ఆ పిల్ల తల నిమిరి, నిన్నటి కుప్ప దగ్గర గొంతుక్కూర్చుని, వాడిన మొక్కనొకటి తీసి తిప్పి తిప్పి చూసింది.

“తోట ఉంటుంది టీచర్. పారలు రేపే పంపిస్తాను” అంది లేస్తూ. “పొట్లాలు నింపేటప్పుడు మావాళ్ళు పొరబడ్డారు. ముల్లంగి బదులు పూలమొక్కల గింజలు పోశారు. క్షమించమని అడగడానికే బడిబడికీ తిరుగుతున్నాను. మీది ఏడో బడి. మిగతా ఆరింట్లోనూ పూలగింజలకి ముల్లంగి దుంపలు ఊరాయి.”