మోకాళ్ళ మధ్య

మా చెల్లి ఓజెల్లా కుర్చీలో కూర్చుంది. నేను నేల మీద, ఆమె మోకాళ్ళ మధ్య ఇరుక్కుపోయాను. నా విగ్గు ఎక్కడో దాచేసింది. తెల్లవారితే చర్చిలో ముందు వరసలో నిలబడి పాడాలి.

"వదలవే! ఈ జుట్టుతో వెళితే మేకన్ ఊరంతా నవ్వుతుంది."

"దేవుడు మన నల్లవాళ్ళకిచ్చిన జుట్టేగా, నవ్వితే ఆయన్ని చూసే నవ్వమను. కదలకు! చిన్నప్పుడు నా జుట్టు సాపు చెయ్యడానికి కాలే దువ్వెన పట్టుకుని 'చెవి మూసుకో, చురుక్కుమంటుంది' అని గద్దించేదానివి. ఇవాళ నీ వంతు."

లేవబోయాను. మోకాళ్ళు బిగించింది.

"అబ్బ, తడి తగలగానే స్ప్రింగులా ఎలా చుట్టుకుందో! ఇంత అందం ముప్పై ఏళ్ళు విగ్గు కింద దాచావా అక్కా?"

నూనె రాసుకున్న వేళ్ళు నెమ్మదిగా పాయలు తీసి సన్నటి జడలు అల్లుతున్నాయి. ప్రభువా, నన్ను విడిపించు అనుకుంటూ కళ్ళు మూసుకున్నాను.

మా అమ్మ చీకటితోనే పరాయి ఇళ్ళలో వంటకు వెళ్ళిపోయేది. చెల్లెళ్ళందరినీ మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని తల దువ్వింది నేనే. నన్నెవరూ అలా కూర్చోబెట్టుకోలేదు.

"అయిపోయింది, లే. విగ్గు బీరువాలో ఉంది, నీ ఇష్టం."

"విగ్గు ఎవరడిగారు? వెనకాల ఒక జడ వదులైనట్టుంది. విప్పి మళ్ళీ వెయ్యవే," అన్నాను, కదలకుండా.