పదహారంగుళాల చక్రాలు

తొంభై తొమ్మిది ఆగస్టు. అరకులో నాలుగు రోజులుగా వాన విడవలేదు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక ధర్మ టైర్ల షాపు ముందు ఎర్రటి స్పోర్ట్స్ కారొకటి ఆగింది. రెండే సీట్లు. కడుపు నేలకి ఆనుతుందేమో అన్నంత కిందికి ఉంది.

దిగిన మనిషికి ముప్పై ఐదేళ్ళుంటాయి. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, కాళ్ళకి బూట్లు. మాట పట్నం మాట.

పక్క సీట్లో రెండు, తాడుతో కట్టిన డిక్కీలో రెండు కొత్త అల్లాయ్ చక్రాలున్నాయి. బొంబాయి నుంచి తెప్పించినవని చెప్పాడు.

కారుకున్నవి పద్నాలుగంగుళాల చక్రాలు. తెచ్చినవి పదహారంగుళాలవి. జీపు చక్రం కొలత కూడా అదే. వీటికి జీపు టైర్లు ఎక్కించి కారుకి బిగించమన్నాడు.

ధర్మ నవ్వాడు. ఆ కొండల్లో తిరిగే జీపులకి పదిహేనేళ్ళుగా టైర్లు వేస్తున్నది అతనే. విశాఖ నుంచి షోకు కార్లలో వచ్చేవాళ్ళంటే అతనికి పడదు.

“అంత లావు టైరేస్తే మడ్గార్డుకి రాసుకుంటది బాబూ. స్టీరింగు తిరగదు.”

“రాసుకున్న చోట కోసెయ్యండి.”

“ఏటి, ఇంత బండిని కోసెయ్యమంటన్నావా?”

“కారు కొంచెం ఎత్తు లేవాలి. అంతే. బేగి చెయ్యండి.”

పట్నం మనిషి నోట ‘త్వరగా’ అనకుండా తమవైపు ‘బేగి’ అన్న మాట వినేసరికి, తన యాసని వెక్కిరిస్తున్నాడనుకున్నాడు ధర్మ.

అందుకే కావాలని ఆలస్యం చేశాడు. ముందు ఒక టూరిస్టు వ్యానుకి పంచరు వేశాడు. తరవాత భోజనానికి ఇంటికెళ్ళాడు. వచ్చి తీరిగ్గా బీడీ కాల్చుకున్నాడు.

ఆ మనిషి ఒక్క క్షణం కూర్చోలేదు. వానలోనే రోడ్డు మీదికి వెళ్ళి మబ్బు కమ్మిన కొండవైపు చూసేవాడు, తిరిగొచ్చేవాడు. మళ్ళీ వెళ్ళేవాడు. ఎదురు కొట్టువాడు ఇచ్చిన టీ గ్లాసులోనే చల్లారిపోయింది.

చివరికి తనే జాకీ పెట్టి నట్లు విప్పబోయాడు. ధర్మ అతని చేతిలోంచి పానా లాక్కున్నాడు. తన షాపులో పానా తనే పట్టాలన్నాడు.

ఇంత కంగారుగా ఎక్కడికని అడిగితే, బొర్రమామిడి అని మాత్రం చెప్పాడు.

ఆ ఊరికి జీపులే సంతరోజు తప్ప వెళ్ళవు. వాగు దాటాక దారంతా రాళ్ళూ బురదా. ఎవరితోనో పందెం కాసి వచ్చుంటాడనుకున్నాడు ధర్మ.

మూడింటికి పని మొదలైంది. మడ్గార్డుల అంచులు రంపంతో కోస్తుంటే ఆ మనిషి మొహం పక్కకి తిప్పుకున్నాడు. కోశాక మాత్రం టైరుకీ రేకుకీ మధ్య చెయ్యి దూర్చి చూశాడు. స్టీరింగు రెండువైపులా పూర్తిగా తిప్పాడు. ఎక్కడా రాసుకోలేదు.

కారు నాలుగు వేళ్ళ ఎత్తు లేచింది.

అతను ధర్మకి దండం పెట్టి, కొండవైపు వెళ్ళిపోయాడు.

ఐదో రోజు ఆసుపత్రి నర్సు స్వర్ణ పంచరైన స్కూటరు తోసుకుంటూ షాపుకొచ్చింది. ఎర్ర కారుకి జీపు టైర్లు వేసింది మీరేనా అని తనే అడిగింది.

బొర్రమామిడిలో ఇంటికొకరు మెదడు మలేరియాతో పడిపోయారట. ఈ వానల్లో వెళితే బండి తిరిగి రాదని జీపులవాళ్ళు రామన్నారట. ఆ కారు మూడు రోజుల్లో తొమ్మిదిసార్లు కొండెక్కి దిగింది. వాగు దగ్గర ఊరివాళ్ళు తోసేవారు. పక్క సీట్లో ఒకరి ఒళ్ళో ఒకరిని కూర్చోబెట్టి, మొత్తం పదిహేడు మందిని తెచ్చాడట.

“పదిహేను మంది బతికారు,” అంది స్వర్ణ. “మొదటి ట్రిప్పులో వచ్చిన ఇద్దరే పోయారు. ఒక ముసలమ్మ, ఒక ఆరేళ్ళ గుంట. ఇంకో రెండు గంటలు ముందొచ్చుంటే బతికించేవాళ్ళమని డాక్టరుగారన్నారు.”

ధర్మ చేతిలో పంచరు ముక్క అలాగే ఉండిపోయింది.

“మరి ఆ బాబు ఏటన్నారు?”

“ఆసుపత్రి మెట్ల మీద కాసేపు కూర్చున్నాడు. మళ్ళీ లేచి బండి తీసుకుని కొండకే వెళ్ళాడు.”

ఆ తరవాత ధర్మకి పని మీద మనసు నిలవలేదు. రోడ్డు మీద ఎర్రగా ఏది కనిపించినా లేచి నిలబడేవాడు. అంత ఉన్నవాడు కొండమీది వాళ్ళకోసం తన కారు పాడుచేసుకున్నాడని షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. తను చేసిన ఆలస్యం సంగతి మాత్రం చెప్పలేకపోయేవాడు. మళ్ళీ వస్తే ఆయన చేతులు పట్టుకుని ఒప్పుకోవాలనుకున్నాడు.

ఇంకో వారానికి విశాఖ నుంచి ఒక కానిస్టేబులు వచ్చాడు. ఎర్ర కారు మడ్గార్డులు కోసిందెవరని అడిగాడు.

తనేనని ఒప్పుకున్నాడు ధర్మ. కారుగలాయనే దగ్గరుండి కోయించుకున్నారని చెప్పాడు. ఆయన ఇప్పుడెక్కడున్నారని ఆత్రంగా అడిగాడు.

“కారుగలాయన ఇంట్లోనే ఉన్నారు. కారు పోయిందని కేసు పెట్టిందే ఆయన,” అన్నాడు కానిస్టేబులు కాగితం తీస్తూ.

ధర్మకి అర్థం కాలేదు.

“నీ దగ్గరికొచ్చినోడు ఆ ఇంటి డ్రైవరు, మంగ్లు. బొర్రమామిడి వాడే. తల్లికి జొరమంటే సెలవివ్వలేదని కారు తీసుకుపోయాడు. పనయ్యాక తనే స్టేషనుకొచ్చి తాళాలిచ్చాడు.”

కానిస్టేబులు పెన్ను మూత తీసి, గొంతు తగ్గించి చెప్పాడు.

“మొదటిరోజు ఆసుపత్రిలో పోయిన ముసలమ్మ వాడి తల్లేనట.”