మెట్టు మీద కాలు

నత్త తాత ఆ రోజూ బస్సు మెట్టు మీదే ఆగిపోయాడు.

ఒక కాలు పైన, ఒక కాలు కింద. చంకలో కర్ర. చెయ్యి జేబులన్నీ తడుముతోంది.

“కళ్లజోడు ఇక్కడే పెట్టానయ్యా...”

“నెత్తి మీదే ఉంది పెద్దాయనా! పైకి రా ముందు!” కొత్త డ్రైవరు హారన్ మోగించాడు.

తాత ఎక్కేసరికి నిమిషం గడిచింది. ఆయన వెనకే ఓ అమ్మాయి పుస్తకాల సంచీ ఎగరేసుకుంటూ వచ్చి లోపలికి దూకింది.

“ఎక్స్‌ప్రెస్ వచ్చేసిందోచ్!” వెనక సీటు గొల్లుమంది.

ఆ పిల్లకు వాళ్లు పెట్టిన పేరది. రోజూ పరుగే మరి. అమ్మ తెల్లారకుండానే లాండ్రీ పనికి పోతుంది. తమ్ముణ్ణి పసిపిల్లల కేంద్రంలో అప్పగించి రావాలి. ఆ తలుపు ఏడున్నరకు గానీ తెరవరు. బస్సూ ఏడున్నరకే. అయినా ఏనాడూ తప్పిపోలేదు. తన కాళ్ల మీద తనకంత నమ్మకం.

వెనక సీటంటే మాటలా! తొమ్మిదో తరగతిలో అంత గిరాకీ ఉన్న సరుకు ఇంకోటి లేదు. వాలీబాల్ కెప్టెన్ పక్కన చోటు సంపాదించడానికి ఆ పిల్లకు ఆరు నెలలు పట్టింది. పోగొట్టుకోవడానికి ఒక్క మాట చాలు.

“ఈ తాత వల్ల రోజూ ఆలస్యమే,” అంది కెప్టెన్. “ఎక్స్‌ప్రెస్, ఆ కర్ర లాగెయ్యవే. రేపట్నుంచి బస్సెక్కడు, పీడా పోతుంది.”

“పాపం, పెద్దాయన కదే...”

“అబ్బో, జాలిగుండె! అయితే వెళ్లి ఆయన పక్కనే కూర్చోవమ్మా. నీ చోటు కోసం నలుగురు కాచుకుని ఉన్నారు.”

ఆ పిల్ల తూకం వేసుకుంది. ఒక పక్క ఊరూ పేరూ తెలియని ముసలాయన. ఇంకో పక్క వెనక సీటు. ముల్లు వెనక్కే ఒరిగింది.

కర్ర ముందు కడ్డీకి ఆనించి ఉంది. చప్పుడు కాకుండా తీసుకొచ్చి వీపు వెనక దాచింది.

తరవాతి స్టాపులో తాత లేచాడు. చెయ్యి కడ్డీని తడిమింది. తిరిగి చూశాడు. కర్ర కొస ఆ పిల్ల భుజం మీదుగా కనబడుతూనే ఉంది.

అయిపోయాను అనుకుంది.

తాత నవ్వాడు.

“రేపు ఇద్దువుగానిలే తల్లీ. పరిగెత్తేటప్పుడు కాస్త చూసుకుని రా. సందు మలుపులో రాయి లేచింది.”

సీట్లు పట్టుకుంటూ దిగిపోయాడు. వెనక సీటు పగలబడి నవ్వింది. ఆ పిల్లా నవ్వింది గానీ, ఆ నవ్వు గిట్టుబాటు కాలేదు.

మర్నాడు కర్ర పట్టుకునే పరిగెత్తింది. మలుపు తిరిగేసరికి బస్సు వెళ్లిపోతోంది. తరవాతి బస్సు పట్టుకుని వెళితే బడి గేటు మూసేశారు.

ఆ మరుసటి రోజు పక్కింటి పిన్నిని బతిమాలి తమ్ముణ్ణి ఒప్పజెప్పి, పది నిమిషాల ముందే వచ్చి నిలబడింది.

బస్సు వచ్చింది. తాత రాలేదు.

“రావే, నీ చోటు ఉంచాం!” కెప్టెన్ కేకేసింది. “ఆ కర్ర ఇంకా మోస్తున్నావా? పారెయ్!”

“పారెయ్యను. నేను తీశాను, నేనే ఇవ్వాలి. మనం చేసింది తప్పే.”

ముందు సీట్లో కూర్చుంది. 

“అన్నా, ఈ కర్ర తాతది. నేనే తీశాను. ఆయన ఇల్లెక్కడ?” అని కండక్టరును అడిగింది.

కండక్టరు కిటికీలోంచి చూపించాడు. స్టాపుకు ఎదురుగానే నీలం తలుపు. దానికి తాళం.

“మొన్న తిరిగి నడిచొస్తూ తూలిపడ్డాడు. దెబ్బ చిన్నదేలే. కానీ కూతురొచ్చి, ఇక ఒంటరిగా ఉంచనని తనతో తీసుకుపోయింది.”

“తిరిగి నడిచి రావడమేంటి? రోజూ ఎక్కడికి వెళ్లేవాడు?”

“ఎక్కడికీ లేదు. ఒక్క స్టాపు వెళ్లి దిగడం, నడిచి ఇంటికి రావడం. ముప్పై ఏళ్లు ఈ రూట్లోనే డ్రైవరుగా చేశాడమ్మా. ఎక్కేవాళ్ల కాలు మెట్టు మీద ఉండగా బండి కదలకూడదని ఆయనకు తెలియదా?”

“అయితే?”

కండక్టరు గొంతు తగ్గించాడు.

“నీకు చెప్పొద్దన్నాడు, సిగ్గుపడతావని. సందు మలుపులో నీ సంచీ కనబడేదాకా ఆ కళ్లజోడు వెతుక్కునేవాడు తల్లీ.”