ఆరు డబ్బాల రంగు

“ఎరుపంటే ఇదీ!” బడి గోడను అరచేత్తో నిమిరి మురిసిపోయాడు ఇనుము గని కంపెనీ అధికారి.

పక్కనే నిలబడ్డ హెడ్మాస్టర్ వెంకటనారాయణకు పై ప్రాణాలు పైనే పోయాయి. తొమ్మిది, పది తరగతుల పిల్లలు చేతిపని నేర్చుకోవాలని కంపెనీ ఈ బడిలో పెయింటింగ్ ట్రేడు పెట్టించి, ఆరు డబ్బాల రంగు పంపింది. ఆ ఆరూ దారి తప్పకుండా జగదల్‌పూర్‌లో ఆయన కట్టుకున్న కొత్త ఇంటికి చేరాయి. పిల్లలకు దక్కింది కుంచెలూ, ఆయన ఉపదేశమూ: “పనిమంతుడు సామాను లేదని కూర్చోడమ్మా. ఏదో ఒకటి చూసుకోండి.”

పదో తరగతి తిరుపతమ్మ చూసుకుంది. ఆ రంగు ఎక్కడిదని ఆయన అడగలేదు. అడిగితే డబ్బాల సంగతి తిరిగి తన మెడకే చుట్టుకుంటుంది. ఇవాళ అది బయటపడిందో, ఉద్యోగం ఊడినట్టే.

“ఈ గోడకు రంగేసిందెవరు?” అన్నాడు అధికారి.

“నేనే సాబ్,” ముందుకొచ్చింది తిరుపతమ్మ. “తుమ్మజిగురు కలిపి రెండు పూతలేసిన.”

“వెలిసిపోదు కదా?”

“అంటితే పోదు సాబ్. బట్టలకంటినా పోదు.”

“భేష్! మా గెస్ట్‌హౌస్‌కూ ఇదే వేయిద్దాం. సరిపడా దొరుకుతుందా?”

“ఎంతన్న దొరుకుతది. వానలు పడితే ఇంకా మస్తు.”

“ఎవరిస్తారు?”

“మీరే గద సాబ్!”

వెంకటనారాయణకు పోయిన ప్రాణం లేచొచ్చింది. బంగారుతల్లి, ఎంత తెలివిగా కాపాడింది! “అంతా కంపెనీవారి చలవేనండీ! మీరు పంపిన ప్రతి చుక్కా పిల్లలకే చేర్చానండీ,” అన్నాడు చేతులు నలుపుకుంటూ.

అధికారి కారులోంచి నీళ్ల సీసా తెప్పించుకుని, మూత తిప్పి రెండు గుక్కలు తాగాడు. మూడో గుక్కకు ఆగాడు.

“మేం పంపింది నీలం రంగు కదండీ?”

హెడ్మాస్టర్ గబుక్కున చూపు గోడమీదికి తిప్పుకున్నాడు. జగదల్‌పూర్‌లో ఆయన ఇల్లు నీలంగా నిగనిగలాడిపోతోంది మరి.

అధికారి ఆయన్నొదిలి పిల్లవైపు తిరిగాడు. “భయపడకుండా చెప్పమ్మా. ఈ ఎరుపు ఎక్కడిది?”

“మీ గని కింది వాగుల మా అమ్మ రోజు పొద్దుగాల బిందె ముంచుకొస్తది సాబ్. కదల్చకుండ మూలకు పెడ్తది. అడుగున పేరుకున్నది నేను గీకి తీసుకుంట.”

“పాపం, నీ రంగు కోసం మీ అమ్మకు ఎంత శ్రమ!”

“రంగుకు గాదు సాబ్, మేం తాగేటందుకు.”