చేతులు కడుక్కున్న కేసు

“కాస్త జరుగుతారా?”

వెనక బెంచీ చివర ముడుచుకుని కూర్చున్న పెద్దమనిషి ఉలిక్కిపడి, జరగాల్సిన దానికంటే ఎక్కువే జరిగాడు. అడిగినావిడ ఆయన పక్కన కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఆయన వైపు ఒకసారి తేరిపార చూసింది. ఆయన దవడకి రుమాలు అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

“పన్ను నొప్పా?”

“ఆఁ... అదే.”

ఇంట్లోనూ ఆ ముక్కే చెప్పాడు. పంటి డాక్టరు దగ్గరికని బయల్దేరి, బస్సెక్కి, తిన్నగా పై కోర్టుకొచ్చి కూర్చున్నాడు. ఈ వయసులో పెళ్ళానికి అబద్ధం చెప్పి రావాల్సిన చోటా ఇది అని దారంతా తనను తానే తిట్టుకున్నాడు. అయినా దిగిపోలేదు.

“మీదీ ఇవాళేనా?” అడిగింది ఆవిడ.

“ఇవాళే.”

“గెలుస్తారా?”

“లేదండీ. పోయేట్టే ఉంది.”

“అప్పుడే అలా అనకండి. మాది కింది కోర్టులో పోయిందే. ఇక్కడైనా నిలబడుతుందేమోనని వచ్చాను. మా ఆయన నూలు మిల్లులో ఫిట్టరు. సైరన్ మోగాక, చేతులకున్న గ్రీజు కడుక్కుందామని కుళాయి దగ్గరికెళ్ళాడు. పక్కనే ఆవిరి గొట్టం పగిలింది. ఒక కన్ను అక్కడే పోయింది. రెండోదానికి ఆపరేషన్ చేస్తే చూపు నిలుస్తుందన్నారు. ఆలస్యమైన కొద్దీ అదీ మసకేస్తోంది. మిల్లు పరిహారం ఇస్తే గానీ మావల్ల కాదు. మిల్లేమో ఇవ్వనంది.”

ఎందుకివ్వనందో ఆయన అడగలేదు. అడక్కపోయినా ఆవిడే చెప్పింది.

“పని చేస్తుండగా దెబ్బ తగిలితేనే పరిహారమట చట్టంలో. సైరన్ మోగింది గనక పని అయిపోయిందట. చేతులు కడుక్కోవడం సొంత పనట. కింది కోర్టు జడ్జిగారు అలాగే రాసేశారు. కన్ను పోయినప్పుడు ఏడవని మనిషి, ఆ ముక్క విని ఏడ్చాడండీ.”

“ఆ జడ్జిని మీరు బాగా తిట్టుకుని ఉంటారు,” అన్నాడాయన, రుమాలు చాటునుంచి.

“తిట్టుకోకేం? మెటికలు కూడా విరిచాను. అన్నేసి వాయిదాలకి తిరిగితే, ఒక్కసారి తలెత్తి మా మొహాలు చూసిన పాపాన పోలేదు. రేపు నేను ఎదురుపడినా గుర్తుపట్టలేడు.” ఒళ్ళోని సంచీ సర్దుకుని, “ఇవాళెందుకో మరి తిట్టబుద్ధి కావడం లేదు,” అంది.

ఆయనకి దగ్గొచ్చింది. ఆవిడ సంచీలోంచి మంచినీళ్ళ సీసా తీసిచ్చింది. తాగి, సీసా తిరిగిస్తూ కూడా ఆయన ఆవిడ కళ్ళలోకి చూడలేకపోయాడు.

ఇంతలో కేసు పిలిచారు. ఆవిడ కొంగు బిగించి పట్టుకుని ముందుకి వంగింది. మిల్లు లాయరు లేచి గొంతు సవరించుకున్నాడు.

“చట్టంలో మాట అద్దంలా ఉందండీ. ‘పని చేస్తుండగా’. చేతులు కడుక్కునేవాడు పని చేస్తున్నట్టా?”

ఇద్దరు జడ్జీల్లో పెద్దాయన కళ్ళజోడు తీశాడు.

“ఆ చేతులకి అంటింది ఎవరి గ్రీజు?”

“మిల్లుదేనండీ.”

“మిల్లు గ్రీజుతోనే ఇంటికెళ్ళి అన్నం తినాలంటారా?”

గదిలో నవ్వులు లేచాయి. పెద్దాయన ఊరుకోలేదు. కింది కోర్టు తీర్పు తెరిచి పైకి చదివాడు: “‘శుభ్రత అనే సొంత అవసరం కోసం కార్మికుడు తన ఇష్టప్రకారం వెళ్ళాడు.’ ఇది రాసినాయన జన్మలో గ్రీజు ముట్టుకున్నట్టు లేదు.”

మళ్ళీ నవ్వారు. పక్క బెంచీలో కుర్ర లాయర్లు మరీ పడీపడీ నవ్వారు. వెనక బెంచీలో పెద్దమనిషి మాత్రం చెవులు ఎర్రబడి, చేతులు రెండూ ఒళ్ళో దాచుకున్నాడు. ఆవిడ గోడు విన్నాక నవ్వే మొహం ఎక్కణ్ణుంచి వస్తుంది? నేల చీలితే బాగుండుననిపించేంత సిగ్గేసింది ఆయనకి.

“ఈ చట్టం పుట్టిందే దెబ్బతిన్నవాడి కోసం,” అన్నాడు పెద్దాయన. “ఒక మాటకి రెండర్థాలు వస్తే, వాణ్ణి నిలబెట్టే అర్థమే మనం తీసుకోవాలి. పని ముగించుకుని గేటు దాటేదాకా కార్మికుడు పనిలో ఉన్నట్టే. కింది కోర్టు తీర్పు కొట్టేస్తున్నాం. మిల్లు పరిహారం వెంటనే కట్టాలి.”

ఆవిడకి సగం అర్థమైంది. మిగతా సగం తమ లాయరు వెనక్కి తిరిగి నవ్వగానే అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆవిడ వరండాలోకి వచ్చేసరికి ఆయన స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. రుమాలు ఇప్పుడు దవడ మీద లేదు, గుప్పిట్లో నలుగుతోంది.

“మీదేమైంది?” అడిగింది.

“పోయిందండీ.”

“పోనీలెండి,” అంది మెత్తగా.

ఏదో చెప్పాలని ఆయన నోరు తెరిచాడు. బస్సులో వస్తూ కూడబలుక్కున్న మాటలన్నీ గొంతులోనే ఉండిపోయాయి. చివరికి, “ఆపరేషన్ మాత్రం ఆలస్యం చెయ్యకండి. మీ ఆయనకి... నా నమస్కారం చెప్పండమ్మా,” అన్నాడు.

“ఎవరు చెప్పమన్నారని చెప్పను?”

ఆయన తలదించుకున్నాడు. ఎంతసేపు చూసినా ఆ తల లేవలేదు. ఆవిడ సంచీ భుజాన వేసుకుని, రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగింది.

“కింది కోర్టు జడ్జిగారని చెప్తాలెండి.”